కెమెరాకు చందా ఇచ్చినం, లెక్క కూడా అడుగుదాం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రజలారా! బీడీలు చుట్టే అక్కలారా, సాంచల మీద నిలబడే అన్నలారా, గల్ఫ్‌కు పోయొచ్చిన తమ్ముళ్లారా, దుకాణదారులారా, 2025 డిసెంబర్‌లో కొత్తగా గెలిచిన సర్పంచులారా, వార్డు సభ్యులారా!

మీ ఊరి చౌరస్తాలో నిలబడి ఒక్కసారి తలెత్తి చూడుండ్రి. కరెంటు స్తంభానికో, పంచాయతీ గోడకో, విగ్రహం పక్కన పాతిన ఇనుప పైపుకో ఒక కెమెరా ఉంటది. చాలా ఊర్లలో అది సర్కారు పైసలతో పెట్టింది కాదు. ‘నేను సైతం’ పేరు మీద పోలీసులు అడిగితే దుకాణాలవాళ్లు, కుల సంఘాలు, యువజన సంఘాలు, బయటి దేశాల్లో ఉన్న మన పిల్లలు తలా ఇంత వేసుకొని పెట్టించినయి. కొబ్బరికాయ కొట్టినం. సార్లు వచ్చి రిబ్బన్ కత్తిరించిన్రు. పేపర్లో ఫొటో వచ్చింది. ఆ తర్వాత ఆ కెమెరా ఏం చేస్తున్నదో మనం అడగలేదు, వాళ్లు చెప్పలేదు.

వినాయకుడిని సాగనంపినంక యూత్ పిల్లలు మైకు పట్టుకొని చందా లెక్క చదువుతరు. మండపానికి ఎంత, పులిహోరకు ఎంత, డీజేకు ఎంత, మిగిలింది ఎంత అని. వంద రూపాయలు తేడా వస్తే ఊరంతా లొల్లి. అంతకంటే ఎక్కువ పైసలు పోసి కొన్న కెమెరాల లెక్క మాత్రం ఇప్పటిదాక ఏ మైకులోనూ చదవలేదు. అందులో పడ్డ మన బొమ్మ ఎక్కడికి పోతున్నది? ఎన్ని రోజులు ఉంటున్నది? ఎవరు చూస్తున్నరు? దాని వెనుక ఏ సాఫ్ట్‌వేర్ నడుస్తున్నది? ఈ కరపత్రం ఆ లెక్క అడిగేందుకే.

ముందే ఒక మాట. కెమెరాలు పీకెయ్యమని మేము అంటలేము. మెడలో గొలుసు తెంపుకపోయినోడు దొరకాలె. గుద్ది ఆగకుండా పోయిన లారీ నెంబర్ తెలవాలె. తెలంగాణ పోలీసుల ‘దర్పణ్’ అనే ముఖ గుర్తింపు పనిముట్టుతోటే 2020లో ఒక తల్లిదండ్రులకు కొడుకు దొరికిండు. ఉత్తరప్రదేశ్‌లో 2015లో తప్పిపోయిన పిల్లగాడు అస్సాంలోని గోల్‌పారాలో ఒక బాలల ఆశ్రమంలో ఉన్నడని ఫొటోలు పోల్చి చెప్పింది మన దగ్గరి యంత్రమే. మంచి పని, మెచ్చుకోవాలె. అయితే తప్పిపోయిన పిల్లగాని ఫొటో పట్టుకొని వెతకడం ఒకటి. జాతరకు వచ్చిన లక్షమందిలో ప్రతి ఒక్కరినీ తప్పిపోయినోని లెక్క, పారిపోయినోని లెక్క వెతకడం మరొకటి. మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని మన నెత్తిన పెడుతున్నరు. మన పేచీ అక్కడ.

కెమెరాలన్నీ ఒక్కటైతే

ఒక్క కెమెరా ఉంటే అది చూసేది దాని ముందర ఉన్న ఇరవై గజాలే. పది కెమెరాలను ఒక కంప్యూటర్‌కు కలిపితే కథ మారుతది. ఎట్లనో చెప్తం, వినుండ్రి.

సోమవారం నాడు వేములవాడకు పోయినవనుకో. తిప్పాపూర్ బస్టాండులో దిగినవు. అక్కడి కెమెరా నిన్ను మనిషిగా పసిగట్టి నీ చుట్టూ ఒక డబ్బా గీస్తది, ఒక నెంబర్ ఇస్తది. నీ పేరు దానికి తెలవదు. నీ అంగీ రంగు, ఎత్తు, భుజం మీది సంచి, నడిచే తీరు, ఇవన్నీ కలిపి ఒక అంకెల వరుసగా మార్చి దాచుకుంటది. నువ్వు గుడి దారి పట్టి ఆ కెమెరా చూపు దాటినవు. ఇంకో కెమెరా ముందరికి వచ్చినవు. అది కూడా నీకు ఒక అంకెల వరుస కడుతది. కంప్యూటర్ ఈ రెండు వరుసలను పోలుస్తది. ఇక్కడినుంచి అక్కడికి నడవడానికి ఎన్ని నిమిషాలు పట్టాలె, అంత టైమే పట్టిందా అని చూస్తది. సరిపోతే ఇద్దరూ ఒక్కరే అని ముడివేస్తది. ధర్మగుండం దగ్గర మూడో ముడి, కోడె కట్టే దగ్గర నాలుగోది. పొద్దుమీకి తిరుగు బస్సు ఎక్కే వరకు నువ్వు ఎక్కడ ఆగినవు, ఎవరితోని నిలబడి మాట్లాడినవు, ఏ హోటల్లో చాయ తాగినవు అన్నది ఒక గీత లెక్క తయారైతది. ఆ గీతకు పేరు లేదు కదా అని సంబురపడకుండ్రి. దారిలో ఏ ఒక్క కెమెరాకు నీ ముఖం సాఫుగ దొరికినా, ఆ ముఖాన్ని ఏదన్నా ఫొటోల ఖాతాతో పోలిస్తే చాలు, మొత్తం గీతకు నీ పేరు అంటుకుంటది.

ఇక ఇది గుంపులో ఎంత తప్పుతదో చూడుండ్రి. మనుషులు ఒకరికొకరు అడ్డం వస్తరు. నెంబర్లు తారుమారు అయితయి. నీ నెంబర్ పక్కోనికి పోతది, వానిది నీకు వస్తది. బట్టల రంగును నమ్ముకున్న సాఫ్ట్‌వేర్‌ను హనుమాన్ జయంతి నాడు కొండగట్టుకు తీసుకపోతే ఏమైతది? దీక్ష తీసుకున్న స్వాములందరిదీ ఒకే కాషాయం, అందరి నెత్తికీ ఇరుముడి. వాళ్లలో ఎవరు ఎవరో బట్టలను బట్టి చెప్పడం ఆ అంజన్నకే తెలవాలె. అప్పుడు యంత్రం ముఖం మీద పడుతది. ఎండలో, దుమ్ములో, ఎత్తు మీది నుంచి తీసిన మసక ముఖం మీద.

ఈ పద్ధతులు ఎక్కడ నేర్చుకున్నరో కూడా తెలుసుకోవాలె. 2014 మార్చిలో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం ఆవరణలో 8 కెమెరాలు పెట్టి, అటు ఇటు తిరిగే 2,700 మందికి పైగా మనుషులను చిత్రీకరించిన్రు. ఎక్కువమంది క్లాసులకు పోయే పిల్లలే. తమ నడక ప్రపంచమంతా తిరుగుతదని వాళ్లకు తెలవదు. ఒక కెమెరా నుంచి ఇంకో కెమెరాకు మనిషిని వెంబడించే సాఫ్ట్‌వేర్‌లకు ఆ వీడియోలు పాఠ్యపుస్తకం అయినయి. లొల్లి అయినంక 2019లో వాటిని ఇంటర్నెట్ నుంచి తీసేసిన్రు. అప్పటికే దించుకున్నోళ్లు దించుకున్నరు. చదువుకున్న దేశంలో, పెద్ద విశ్వవిద్యాలయంలోనే గిట్లయితే, మన చౌరస్తా వీడియో ఎవరి చేతుల్లో ఉన్నదో ఎవరు చెప్పాలె?

ముఖం పోల్చుడు రెండు తీర్లు

బీడీలు చుట్టి చుట్టి మన అక్కల వేలిముద్రలు అరిగిపోయినయి. పింఛన్ నాడు పోస్టాఫీసులో మిషిన్ మీద వేలు పెడితే పడదు, తుడిచి మళ్లీ పెడితే పడదు. అందుకే 2025లో చేయూత పింఛన్లకు ముఖం చూసి ఇచ్చే పద్ధతి తెచ్చిన్రు. దానితో చాలామందికి తిప్పలు తప్పినయి. అక్కడ యంత్రం అడిగే ప్రశ్న ఒక్కటే: ఈమె ఫలానా ఆమేనా? నువ్వు వచ్చినవు, నీ పేరు చెప్పినవు, నీ ఇష్టంతోని ముఖం చూపించినవు.

చౌరస్తా కెమెరా వెనుక ముఖ గుర్తింపు పెడితే ప్రశ్న వేరు: ఈ వందల మందిలో ఎవరెవరు ఉన్నరు? అక్కడ నిన్ను ఎవరూ అడగలేదు, నువ్వు ఒప్పుకోలేదు, నీకు తెలవదు. ఈ రెంటినీ ఒకే గాట కట్టి “పింఛన్‌కు ముఖం ఇచ్చిన్రు కదా, దీనికి ఎందుకు భయం” అనేటోళ్లు ఉంటరు. వాళ్ల మాట వినకుండ్రి.

మన రాష్ట్రం ఈ దారిలో శానా ముందుకు పోయింది. 2018 జనవరిలో పోలీసుల చేతికి ‘టీఎస్‌కాప్’ యాప్ వచ్చింది. అదే ఏడు ఆగస్టులో దానికి ముఖ గుర్తింపు కలిపిన్రు. 2020 జనవరి 22న మున్సిపల్ ఎన్నికలు జరిగిన నాడు, హైదరాబాద్ పక్కన కొంపల్లిలో 10 పోలింగ్ కేంద్రాల్లో ఓటర్ల ముఖాలను యంత్రంతో పోల్చి చూసిన్రు, ప్రయోగమని. 2022 ఆగస్టు 4న బంజారాహిల్స్‌లో పోలీస్ కమాండ్ కంట్రోల్ సెంటర్ మొదలైంది. పక్క రాష్ట్రంలో తిరుమల కొండ మీద 2023 మార్చి 1 నుంచి లడ్డూ టోకెన్లకు, గదులకు ముఖం చూస్తున్నరు, దళారులను ఆపేందుకని. ఒక్కొక్కదానికి ఒక్కొక్క కారణం ఉన్నది, కొన్ని మంచి కారణాలే. ఆ ఖాతాలన్నీ ఒకదానితో ఒకటి కలవకుండా ఆపే గోడ మాత్రం ఏ చట్టంలోనూ కట్టలేదు.

యంత్రాన్ని మోసం చెయ్యడం ఎంత సులువో మన జిల్లానే చూపించింది. 2025లో జగిత్యాల జిల్లాలో ఒక పంచాయతీ కార్యదర్శి ముఖం చూపించాల్సిన హాజరు యాప్‌లో ముఖ్యమంత్రి ఫొటో పెట్టిండని పేపర్లన్నీ రాసినయి. ముఖ్యమంత్రి మన ఊరి పంచాయతీకి హాజరు వేసుకున్నరన్నట్టు! నవ్వుకున్నం. ఈ మోస్తరు యంత్రాల మాట మీద ఒకన్ని దొంగ అంటే నవ్వు రాదు.

తప్పు పడితే ఎవరి మీద పడుతది?

2017లో బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో ఫుట్‌బాల్ ఫైనల్‌కు వచ్చిన గుంపు మీద పోలీసులు ముఖ గుర్తింపు పెట్టిన్రు. “దొరికిండు” అని యంత్రం 2,470 సార్లు చెప్పింది. అందులో 2,297 తప్పు. ఆ పోలీసుల పద్ధతి చట్టవిరుద్ధమని 2020 ఆగస్టులో అక్కడి అప్పీలు కోర్టు తేల్చింది. మన ఢిల్లీ పోలీసులు 80 శాతం పోలిక వస్తే చాలు, మనిషి దొరికినట్టే లెక్క అని 2022లో ఒక సమాచార హక్కు దరఖాస్తుకు జవాబు ఇచ్చిన్రు. ఆ 80 శాతం ఏ లెక్కన పెట్టిన్రో చెప్పలేదు.

ఎక్కడో కార్డిఫ్, ఢిల్లీ ముచ్చట మనకెందుకు అనేటోళ్లు మెదక్‌ను గుర్తు చేసుకోవాలె. 2023 జనవరి ఆఖరులో ఒక రోజుకూలీని మెదక్ పోలీసులు హైదరాబాద్ నుంచి పట్టుకపోయిన్రు. గొలుసు దొంగతనం జరిగిన చోట సీసీ కెమెరాలో పడ్డ మనిషి పోలికలు ఆయనకు ఉన్నయని. తనను స్టేషన్‌లో కొట్టిన్రని ఆయన ఆసుపత్రి మంచం మీది నుంచి వీడియోలో చెప్పిండు. ఫిబ్రవరిలో గాంధీ ఆసుపత్రిలో చనిపోయిండు. హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. అక్కడ పెద్ద సాఫ్ట్‌వేర్ కూడా లేదు, కెమెరా బొమ్మ చూసి మనిషి కన్ను పోల్చిన పోలికే. రేపు అదే పోలికను కంప్యూటర్ చెప్పి, పక్కన 80 శాతం అని అంకె కూడా వేసి ఇస్తే, కానిస్టేబుల్ అనుమానపడుతడా? “మిషిన్ చెప్పింది” అంటడు. కూలినాలి చేసుకునేటోడు మిషిన్‌తోని ఎట్ల వాదిస్తడు?

హైదరాబాద్‌లో ఒకాయన వాదించిండు. ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్తను 2021 మే నెలలో, లాక్‌డౌన్ టైములో, షాగంజ్ దగ్గర పోలీసులు ఆపి, మాస్కు తియ్యమని ఫొటో తీసుకున్నరు. ఎందుకు తీసిన్రు, ఏం చేస్తరు అని ఆయన నోటీసు పంపిండు. సరైన జవాబు రాకపోతే హైకోర్టుకు పోయిండు. ఏ చట్టం ప్రకారం ఈ ముఖ గుర్తింపు వాడుతున్నరో చెప్పమని ఆయన అడిగింది. 2022 జనవరి 3న హైకోర్టు ప్రభుత్వానికి నోటీసులు ఇచ్చింది. మన తరఫున అడగాల్సిన ప్రశ్న ఆయన ఒక్కడు అడిగిండు.

మన తాలూకాలకు తెలిసిన ముచ్చటే

గుంపులో ఎవరున్నరని లెక్కపెట్టుడు మన గడ్డ మీద ఈ నాటిది కాదు. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్రకు ఊర్లకు ఊర్లు కదిలి వచ్చినయి. వెట్టికి, దొరల దండుగలకు ఎదురు తిరిగిన కూలీలు, పాలేర్లు, చిన్న రైతులు పట్టణం నిండ నడిచిన్రు. నెల దాటిందో లేదో అక్టోబర్‌లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించిన్రు. ఊరి బడుల్లో పోలీసు క్యాంపులు దిగినయి. సభకు ఎవరు పోయిన్రు, డప్పు ఎవరు కొట్టిన్రు, అన్నం ఎవరు పెట్టిన్రు అని ఇల్లిల్లు తిరిగి అడిగిన్రు. కేసులకు భయపడి, కరువుకు తాళలేక ఎంతమంది బొంబాయికి, అక్కడినుంచి దుబాయికి పోయిన్రో మన ఇండ్లలో ముసలోళ్లను అడుగుండ్రి, చెప్తరు.

ఆ రోజుల్లో పేర్లు చెప్పడానికి ఒక ఇన్ఫార్మర్ కావాలె. వాడు భయపడొచ్చు, మర్చిపోవచ్చు, జాలి పడొచ్చు, ఊరోళ్లకు దొరికిపోవచ్చు. ఇప్పుడు ఆ పనికి మనిషి అక్కరలేదు.

ఎవరికి ఇది ముందుగాల తగులుతదో ఆలోచించుండ్రి. కూలి రేటు పెంచాలని సిరిసిల్లలో సాంచలు బందువెట్టి అంబేద్కర్ చౌరస్తాకు వచ్చే కార్మికునికి. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడ్డప్పటి నుంచి తెరవాలని రోడ్డెక్కుతున్న కోరుట్ల, మెట్‌పల్లి రైతుకు. జీవనభృతి కోసం కలెక్టరేట్ ముందర కూసున్న బీడీ కార్మికురాలికి. వీళ్ల ఇంట్లో ఒక కొడుకు వీసా కోసం చూస్తుంటడు. పాస్‌పోర్ట్‌కు పోలీసు విచారణ ఉంటది. ధర్నాలో పడ్డ ముఖం ఆ విచారణ కాగితం దాకా పోవద్దని ఏ చట్టంలో రాసి ఉన్నది? ఎక్కడా లేదు. పోతున్నదని మేము అంటలేము. పోకుండా ఆపేది ఏమీ లేదంటున్నం. ఆ భయం ఒక్కటి చాలు, తల్లి కొడుకుకు చెప్తది: “బిడ్డా, ఆ ధర్నాకు పోకురా, కెమెరాలు ఉన్నయి.” లాఠీ లేకుండానే ధర్నా పలుచబడుతది.

చట్టం ఎంతదాక ఉన్నది?

ఉమ్మడి రాష్ట్రంలో 2013లో చేసిన ప్రజా భద్రత చట్టం ఒకటి ఉన్నది. ఒకేసారి 100 మంది గానీ, రోజుకు 500 మంది గానీ వచ్చే దుకాణాలు, ఆసుపత్రులు, గుళ్లు, ఫంక్షన్ హాళ్లు కెమెరాలు పెట్టాలె, 30 రోజులు వీడియో దాచాలె, పోలీసులు అడిగితే ఇవ్వాలె అంటది. ముఖ గుర్తింపు ఊసు అందులో లేదు. వేర్వేరు కెమెరాల్లో ఒకే మనిషిని వెంబడించొచ్చని కూడా లేదు. 2022లో కేంద్రం తెచ్చిన నేర విచారణ గుర్తింపు చట్టం ఫొటోలు, కనుపాప, వేలిముద్రలు తీసుకొని 75 ఏండ్లు దాచొచ్చని చెప్తది. అది కూడా శిక్షపడ్డోళ్ల గురించి, అరెస్టు అయినోళ్ల గురించి, నిర్బంధంలో ఉన్నోళ్ల గురించి. సంతకు పోయేటోళ్ల గురించి కాదు.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు పుట్టస్వామి కేసులో ఒక్క మాట మీద నిలబడి చెప్పిన్రు: వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు. సర్కారు దాంట్లో వేలు పెట్టాలంటే చట్టం ఉండాలె, సరైన అవసరం ఉండాలె, అవసరానికి మించి పోవద్దు. ఆ మూడు కొలతలు మన చౌరస్తా కెమెరాలకు పెట్టి చూడుండ్రి. మొదటి కొలతలోనే తేలిపోతది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టం కాపాడుతదనుకుంటే, సర్కారు సంస్థలకు మినహాయింపు ఇచ్చుకునే తలుపు దాంట్లోనే పెట్టుకున్నరు.

పుష్కరాలు వస్తున్నయి, ఇప్పుడే అడగాలె

2027లో గోదావరి పుష్కరాలు. మన ధర్మపురికి జనం ఏరులెక్క వస్తరు. భద్రత పేరు మీద కొత్త కెమెరాలు, కొత్త కంపెనీలు, కొత్త సాఫ్ట్‌వేర్‌లు రాకుండా ఉండవు. పుష్కరాలు పన్నెండు రోజులు. పెట్టిన కెమెరాలు ఆ తర్వాత కూడా ఉంటయి.

గుంపులో ప్రాణాలు కాపాడాలె, అందులో రెండో మాట లేదు. 2015 జూలై 14న రాజమండ్రి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాటకు 27 మంది పోయిన్రు. తిరుపతిలో 2025 జనవరి 8న టోకెన్ల క్యూలో ఆరుగురు పోయిన్రు. అదే జనవరి 29న ప్రయాగ్‌రాజ్ కుంభమేళాలో, వేల కెమెరాలు, కృత్రిమ మేధ అని గొప్పగ చెప్పుకున్న చోట, 30 మంది చనిపోయిన్రని మొదటి రోజే అధికారులు ఒప్పుకున్నరు. కెమెరాలు తక్కువై అక్కడ జనం చచ్చిపోలేదు. వచ్చే దారి, పోయే దారి ఒకటైనందుకు, ఒకే చోట మంది కూడినందుకు, తలుపు ఒక్కసారిగా తెరిచినందుకు ఇసొంటి తొక్కిసలాటలు జరుగుతయి. వాటిని ముందుగాల పసిగట్టాలంటే ఒక చదరపు మీటరులో ఎంతమంది ఉన్నరో తెలవాలె. ఐదుగురు దాటితే గండం. దానికి తలకాయలు లెక్కపెట్టే కెమెరా చాలు. ఆ తలకాయ జగిత్యాలదా, జగ్గయ్యపేటదా, దాని పేరేంది, అది నిరుడు ఏ ధర్నాకు పోయింది అన్నది అక్కరలేదు. పై నుంచి తీసే మసక బొమ్మతోటి ఈ లెక్క అయిపోతది, ముఖం కనబడాల్సిన పనే లేదు.

కాబట్టి ధర్మపురి, కొండగట్టు, వేములవాడ ఏర్పాట్లు చూసే అధికారులకు మన మాట సాఫుగ చెప్పాలె: తలలు లెక్కపెట్టుండ్రి, ముఖాలు కాదు. తప్పిపోయిన పిల్లలకు, ముసలోళ్లకు వేరే కౌంటర్ పెట్టుండ్రి. ఇంటోళ్లు వచ్చి ఫొటో ఇచ్చి అడిగినప్పుడు, ఆ ఒక్కరి కోసం, ఆ ఒక్క రోజు వెతకుండ్రి. పుష్కరాలు అయిపోయిన 30 రోజులకు వీడియోలన్నీ చెరిపేసినమని కాగితం మీద రాసి ఇవ్వుండ్రి.

మనం చెయ్యాల్సిన పని

మొదటిది సమాచార హక్కు దరఖాస్తు. తెల్ల కాగితం మీద తెలుగులో రాస్తే చాలు. జిల్లా ఎస్పీ కార్యాలయంలోని పౌర సమాచార అధికారి పేరు మీద, 10 రూపాయల ఫీజుతో. తెల్ల రేషన్ కార్డు ఉన్నోళ్లకు అది కూడా లేదు, జిరాక్స్ జతచెయ్యాలె. గ్రామ పంచాయతీలో వేస్తే ఎవరికీ ఫీజు లేదు, మండల ఆఫీసులో 5 రూపాయలు. ఇవి అడుగుండ్రి: మా ఊరిలో చందాలతో పెట్టిన కెమెరాలు ఎన్ని, వాటి వీడియో ఏ స్టేషన్‌కు, ఏ సెంటర్‌కు పోతున్నది? ఎన్ని రోజులు దాస్తున్నరు? చూసే అధికారం ఏ హోదా వాళ్లకు ఉన్నది, చూసినప్పుడల్లా రిజిస్టర్‌లో రాస్తున్నరా? వీటికి ముఖ గుర్తింపు గానీ, కెమెరా నుంచి కెమెరాకు మనిషిని వెంబడించే సాఫ్ట్‌వేర్ గానీ కలిపిన్రా? కలిపితే ఏ జీవో ప్రకారం, ఏ కంపెనీది, ఎంత ఖర్చు? ఎంత శాతం పోలికను ‘దొరికినట్టు’ లెక్కిస్తున్నరు? ఇప్పటిదాక ఎన్ని తప్పు పడ్డయి?

30 రోజుల్లో జవాబు రావాలె. రాకపోయినా, భద్రతా కారణాలని తోసేసినా, 30 రోజుల్లో అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. కేసు దర్యాప్తు వివరాలు ఇవ్వకపోవచ్చు, సరే. జీవో నెంబర్, ఖర్చు, వీడియో దాచే రోజులు రహస్యాలు ఎట్ల అయితయి? చెప్పగలిగిన ముక్కను వేరుచేసి ఇవ్వాలని ఆ చట్టం 10వ సెక్షనే చెప్తున్నది. ఒక్కరు వేస్తే బుట్టలో పడేస్తరు. ఊరికి ఒక్కటి పడితే జవాబు రాసే గుమస్తానే సార్‌ను అడుగుతడు, ఏం రాయాలె అని.

రెండోది గ్రామసభ. రెండు నెలలకు ఒకసారి పెట్టాలని 2018 పంచాయతీరాజ్ చట్టంలోనే ఉన్నది. సర్పంచులారా, మీరు కొత్తగా వచ్చిన్రు, ఈ తీర్మానం మీ మొదటి తీర్మానాల్లో ఒకటి కావాలె: ప్రతి కెమెరా కింద తెలుగులో, ఉర్దూలో బోర్డు ఉండాలె. ఎవరిది, ఎన్ని రోజులు వీడియో ఉంటది, ఫిర్యాదు ఎవరికి చెయ్యాలె అని. గ్రామసభకు చెప్పకుండా వాటికి ముఖ గుర్తింపు కలపవద్దు. ఆడోళ్లు బతుకమ్మ ఆడే కాడ, బోర్లు, చేదబావుల కాడ, గుడి, మసీదు, చర్చి గడపకు ఎదురుగ పెట్టవద్దు. ఏడాదికోసారి చందాదారులకు లెక్క చదివి వినిపించాలె.

దుకాణదారులకు ఒక మాట. మీ షాపు కెమెరా డబ్బా కొన్న నాటి పాస్‌వర్డ్‌తోనే నడుస్తుంటే ఈ రోజే మార్చుండ్రి. 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరాల నుంచి ఆడవాళ్ల వీడియోలు బయటికి పోయి ఇంటర్నెట్‌లో అమ్ముడుపోయినయి. మార్చని పాస్‌వర్డ్ వల్లనే దొంగలు లోపలికి దూరిన్రు. పోలీసులు వీడియో అడిగితే ఇవ్వుండ్రి, కానీ ఏ తారీఖుది, ఏ టైముది అని కాగితం మీద రాయించుకొని ఆ ముక్కే ఇవ్వుండ్రి. పాస్‌వర్డ్ మొత్తం అప్పజెప్పి రాకుండ్రి.

రోడ్డు మీద ఆపి ఫొటో తీస్తమంటే కొట్లాడకుండ్రి. మర్యాదగ అడుగుండ్రి: “సార్, ఏ కేసు మీద? ఏ చట్టం కింద?” జవాబు చెప్పినా చెప్పకపోయినా టైము, జాగ, సార్ పేరు రాసిపెట్టుకొని, మరునాడు ఎస్పీకి రిజిస్టర్ పోస్టులో ఫిర్యాదు పంపుండ్రి. రసీదు దాచిపెట్టుండ్రి.

ఇక ఎవరూ అడగని కెమెరా ఒకటి ఉన్నది. 2020 డిసెంబర్ 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: ప్రతి పోలీస్ స్టేషన్‌లో గేటు కాడ, లాకప్‌లో, వరండాలో, లోపలి గదుల్లో కెమెరాలు ఉండాలె, రికార్డు 18 నెలలు దాచాలె, ఎట్ల చూసినా ఏడాదికి తక్కువ కావద్దు. లోపల దెబ్బలు తిన్నోళ్లు మానవ హక్కుల కమిషన్‌కు గానీ కోర్టుకు గానీ పోతే ఆ వీడియో తెప్పించొచ్చు. మన మూడు పట్టణాల స్టేషన్లలో అవి నడుస్తున్నయా, పాడైపోయినయా? ఎన్ని నెలల రికార్డు ఉన్నది? మన చందా కెమెరాల గురించి వేసే దరఖాస్తులోనే ఈ ప్రశ్న కూడా కలిపి రాయుండ్రి. మన మీద పెట్టిన కెమెరాకు చందా ఇచ్చినోళ్లం, వాళ్ల మీద పెట్టాల్సిన కెమెరా గురించి అడిగే హక్కు లేదా?

అన్నలారా, అక్కలారా! ఈ కాగితం చదివి మడతపెట్టి జేబులో వేసుకోకుండ్రి. సాంచల షెడ్డులో, బీడీ కార్ఖానాలో, బస్టాండు హోటల్లో, మసీదు ముందర, గుడి మెట్ల మీద నలుగురికి చదివి వినిపించుండ్రి. దుబాయిలో, మస్కట్‌లో ఉన్న మనోళ్లకు ఫొటో తీసి పంపుండ్రి, చందాలో వాళ్ల పైసలు కూడా ఉన్నయి. దరఖాస్తు ఈ వారంలోనే వెయ్యుండ్రి. వచ్చే గ్రామసభలో తీర్మానం పెట్టించుండ్రి.

తలలు లెక్కపెట్టుండ్రి, ముఖాలు కాదు!
చందా మాది, లెక్క చెప్పాల్సింది మీరు!

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పౌరుల తరఫున